తక్కువ మార్కులు – నర్సు చదువు

ఇంటర్మీడియెట్ పరీక్షలో నూటికి 35 వచ్చిన బాలిక ఉత్తీర్ణురాలు. ఇంటిల్లిపాదియు సంతోషింతురు, ఇరుగుపొరుగులకు చక్కెర పంచిపెట్టుదురు. ఆ బాలికయే మూడేండ్ల నర్సు చదువునకు, అనగా జి.ఎన్.ఎం.కు, దరఖాస్తు పెట్టబోయినచో అచట అడుగునది మొత్తముమీద 40. నాలుగేండ్ల బి.ఎస్‌సి. నర్సింగునకు భౌతిక, రసాయన, జీవశాస్త్రములు చదివి 45 తెచ్చుకొనియుండవలెను. షెడ్యూల్డు కులముల, తెగల బాలికలకు ఇందులో 5 సడలింపు కలదు. వేయి మార్కుల లెక్కలో చూచినచో, ఉత్తీర్ణతకు కావలసిన 350కిని జి.ఎన్.ఎం.కు కావలసిన 400కును నడుమ ఏబది మార్కుల వాగొకటి పారుచున్నది. చక్కెర పంచిన నాడు ఈ వాగు ఎవరికిని కనబడదు. దరఖాస్తు కాగితము చేతికి వచ్చిన నాడు కనబడును.

మా వారు బడిపంతులగుటచే ప్రతి వేసవియందును మార్కుల మెమోలు చేతబట్టుకొని దోమ చుట్టుపట్ల గ్రామముల తల్లులు మా వాకిటికి వచ్చుచుందురు. వారు పంతులుగారితో పైమాట మాత్రమే చెప్పి, అసలు సంగతి లోపలికి వచ్చి మాతో చెప్పుదురు. అట్లు వచ్చిన వారిలో రెండు తెగలవారిని మేము చూచుచున్నాము. ఒకరు, "మార్కులు రాలే వదినె, గందుకె నర్సుకు వేద్దమనుకుంటున్నం" అనువారు. రెండవవారు, "నర్సే కావాలంటది పిల్ల, మార్కులేమో తక్కువొచ్చినయి" అనువారు. వినుటకు రెండును ఒక్కటే. కాని మొదటి ఇంటి బాలికకు నర్సు చదువు, వేఱే ఎచ్చటను చోటు దొరకక తలదాచుకొను సత్రము. రెండవ ఇంటి బాలికకు అది పోవలసిన ఊరు. మొదటి బాలికను ఆ త్రోవకు నెట్టవలదని మేము తల్లులకు మొగమాటము లేక చెప్పుచుందుము. రెండవ బాలిక కొఱకే ఈ వ్యాసము.

పూర్వులు ఈ వృత్తిని మిగిలినవారికి మిగిలిన పనిగా ఎంచలేదు. చరకసంహిత సూత్రస్థానమున చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, ఉపచారకుడు, రోగి. నాలుగింట ఒకటి ఉపచారము చేయువానిది. ఆ ఉపచారకునికి ఉండవలసిన గుణములను కూడ నాలుగింటినే చెప్పినారు: ఉపచార మెఱిగియుండుట, దక్షత, రోగియందు అనురాగము, శుచిత్వము. ఇందులో మొదటిది చదువువలన వచ్చును. రెండవది అభ్యాసమువలన వచ్చును. మూడవదియు నాల్గవదియు ఏ మెమోలోను అచ్చుపడవు. ఇంట ముసలి అవ్వకు మందు వేళ తప్పకుండ ఇచ్చిన పిల్ల, చంటి తమ్ముని జ్వరములో రాత్రి మేల్కొని తడిగుడ్డ మార్చిన పిల్ల, వాంతిని చూచి ముక్కు మూసికొనక చేట తెచ్చి ఎత్తిన పిల్ల ఎవరో తల్లికి తెలియును. పిల్లను నర్సు చదువునకు పంపవలెనా వలదా అని యోచించు నాడు ముందుగా ఈ లెక్క చూచికొని, పిదప మార్కుల లెక్క చూడవలెనని మా అభిప్రాయము.

మా వికారాబాదు పైని అనంతగిరి కొండమీద నిజాము కాలమున వెలసిన క్షయ చికిత్సాలయము కలదు. క్షయకు మందు దొరకని దినములలో అట్టి చోట్ల రోగికి దక్కినది మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, పూట పూటకు జ్వరము చూచి పట్టికలో వ్రాయు ఒక మనిషి. ఆ కాలమున దేశమున ఆ మనుష్యులు ఎందఱుండిరి? 1946లో నివేదిక ఇచ్చిన భోర్ సంఘము లెక్కలో భారతదేశమంతటికిని నర్సులు సుమారు 7,000 మంది. 43,000 జనమునకు ఒక్క నర్సు. మరుసటి ఏడే, 1947లో, భారత నర్సింగు మండలి చట్టము వచ్చినది. నేడు మన రాష్ట్రమున జిల్లాకొక వైద్యకళాశాల ఏర్పడుచున్నది. మా వికారాబాదునకును 2023లో వచ్చినది. వైద్యకళాశాల వచ్చినచోట పెద్దాసుపత్రి ఉండును, పెద్దాసుపత్రి ఉన్నచోట రేయింబవళ్ళు నర్సులు కావలెను. ఆ కొలువులకు ఎక్కడెక్కడి పిల్లలో వచ్చుచున్నారు. మన పల్లెల పిల్లలు ఎందుకు వెనుకబడవలెను?

చదువు తెగిపోయిన స్త్రీలను మఱల చదువులోనికి తెచ్చి ఇట్టి వృత్తులకు పంపవచ్చునని మన తెలుగునాట ఎవరో ఒకరు ముందే చేసి చూపినారు. ఆమె దుర్గాబాయి. 1909లో రాజమహేంద్రవరమున పుట్టిన ఈమె, ఇంగ్లీషులోనే చదువు చెప్పుటకు నిరసనగా చిన్ననాడే బడి విడిచినది; తానే బాలికలకు హిందీ పాఠశాల నడపినది. ఉప్పు సత్యాగ్రహమున కారాగారమునకు పోయి వచ్చిన పిమ్మట, బడి మెట్టెక్కకయే కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షకు కూర్చుండి గెలిచినది. తరువాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో పట్టము, 1942లో మదరాసున న్యాయశాస్త్ర పట్టము సంపాదించినది. నడుమ చదువు తెగిపోవుట అనునది ఎంత పెద్ద కొఱతయో, అది ఎంత పూడ్చదగిన కొఱతయో ఆమెకు తెలిసినంతగా ఎవరికి తెలియును? 1937లో మదరాసున ఆమె నెలకొల్పిన ఆంధ్ర మహిళా సభ, ఇంటిపట్టున ఉండిపోయిన ఆడువారిని ఆ కాశీ పరీక్షకే తయారుచేసి పంపెడిది. వైద్యాలయమును, నర్సుల శిక్షణమును కూడ ఆ సభ నడపినది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమె మొదటి అధ్యక్షురాలైనది. 1958లో ఆ మండలి సంక్షిప్త విద్యాక్రమమును దేశమంతట ప్రారంభించినది. బడి మానిన వయోజన స్త్రీలకు కొన్ని యేండ్ల చదువును రెండేండ్లలో చెప్పి, ఉపాధ్యాయినులుగను, నర్సులుగను, మంత్రసానులుగను, గ్రామసేవికలుగను తయారుచేయుట దాని ఉద్దేశము.

దీనిలో మేము గమనించినది ఒకటి కలదు. దుర్గాబాయి నర్సు శిక్షణకు కావలసిన అర్హతను తగ్గింపుమని ఎవరిని అడుగలేదు. ఆడువారిని ఆ అర్హత దాక నడిపించుకొని పోయినది. తక్కువ మార్కుల బాలికకు త్రోవ వెదకునపుడు మనమును ఇదే పట్టుకొనవలెను. గడప తగ్గించువారి కొఱకు వెదకవలదు. గడప దాక పోవు మెట్లను వెదకవలెను. అట్టి మెట్లు నేడు ఆనాటికన్న ఎక్కువగానే ఉన్నవి.

మొదటిది అందఱకు దగ్గఱది, అందఱును మఱచునది. ఇంటర్మీడియెట్ మొదటి సంవత్సరములో మార్కులు తగ్గిన పిల్ల, ఉత్తీర్ణురాలైనను, ఆ వేసవిలో జరుగు సప్లిమెంటరీ పరీక్షలలోనే కూర్చుండి మార్కులు పెంచుకొనవచ్చును. దీనినే ఇంప్రూవ్‌మెంటు అందురు. "పాసైంది గద, ఇగ మల్ల రాసుడెందుకు?" అని రుసుము కట్టుటకు తండ్రులు వెనుదీయుదురు. ఆ పరీక్ష రుసుమును ముందుముందు పడబోవు ఖర్చుతో పోల్చి చూచినచో అది పసుపుకొమ్ము వెల. రెండేండ్లు ముగిసిన తరువాత ఏబది మార్కులు వెదకుటకంటె, ఒక ఏడు ముగియగానే ఇరువది ముప్పది మార్కులు కూడగట్టుకొనుట తేలిక.

రెండవది సార్వత్రిక విద్యాపీఠము, ఓపెన్ స్కూలు అని మనవారనునది. వాణిజ్యమో చరిత్రయో చదివిన పిల్ల, లేక నడుమ బడి మానిన పిల్ల, భౌతిక, రసాయన, జీవశాస్త్రములను ఇంగ్లీషును తీసికొని దీనిలో ఇంటర్మీడియెట్ వ్రాసి బి.ఎస్‌సి. నర్సింగునకు అర్హత సంపాదింపవచ్చును. దుర్గాబాయి నాటి కాశీ పరీక్ష చేసిన పనిని నేడు ఇది చేయుచున్నది. ఇంటర్మీడియెట్‌లోనే వృత్తివిద్యగా ఆరోగ్య కార్యకర్తృ శిక్షణ తీసికొన్న పిల్లలకు బ్రిడ్జి కోర్సు అని ఒకటి ఉన్నది. విడిచిపెట్టిన శాస్త్రములను ఆ కోర్సుతో పూర్తిచేసికొన్నచో వారికిని బి.ఎస్‌సి. ద్వారము తెఱచును. వృత్తివిద్య ముగించి, ఈ కోర్సు మాట చెప్పువారు లేక ఇంట కూర్చున్న పిల్లలను మేము ఎఱుగుదుము.

జి.ఎన్.ఎం.కు శాస్త్రములు చదివి తీరవలెనను నియమము లేదు. శాస్త్రములు చదివినవారికి మొగ్గు ఉండవచ్చును గాని, ఏ విభాగము వారైనను ఇంగ్లీషుతో ఉత్తీర్ణులై 40 తెచ్చుకొన్న చాలును. కామర్సు చదివినందున నర్సు త్రోవ మూసికొనిపోయినదని విలపించు తల్లులకు ఈ సంగతి ముఖ్యముగా తెలుపవలెను. అయితే 40 వచ్చినంత మాత్రమున ప్రభుత్వ విద్యాలయమున స్థలము దొరకునని తలపరాదు. అచట స్థలములు కొలది, పిలుపు మార్కుల వరుసను బట్టి. బి.ఎస్‌సి. సంగతి వేఱు. 2022 నుండి మన రాష్ట్రమున ఎంసెట్ పరీక్షలోని స్థానమును బట్టి దానికి ఎంపిక జరుగుచు వచ్చినది. 2024లో ఆ పరీక్షకు ఈఏపీసెట్ అని పేరు మార్చినారు. కావున ఇంటర్మీడియెట్‌లో 45 మాత్రమే దాటిన పిల్లయైనను, ఆ ప్రవేశపరీక్షకు చక్కగా చదివినచో, ఎక్కువ మార్కులు వచ్చినదానిని వెనుకకు నెట్టవచ్చును. తక్కువ మార్కుల పిల్లకు ఇంతకుమించిన రెండవ అవకాశము మఱొకటి లేదు. అయినను మా వైపు పిల్లలు పలువురు ఎంసెట్ అనగా డాక్టరు, ఇంజనీరు కాదలచినవారికే యని దరఖాస్తే పెట్టరు.

ఇక మార్కులు 35 దగ్గఱనే ఆగిపోయి, మఱల పరీక్ష వ్రాయు ఓపికయో తాహతో లేని ఇంటి పిల్ల మాట. ఆమెకు ఏ.ఎన్.ఎం. కలదు. చదువు రెండేండ్లు, ఇంటర్మీడియెట్ ఉత్తీర్ణత చాలును. మన ఊళ్ళలో టీకాలు వేయుటకు, గర్భిణుల పేర్లు వ్రాసికొనుటకు వచ్చు సిస్టరమ్మలు ఈ చదువు చదివినవారే. దీనితో త్రోవ ముగియదు. ఏ.ఎన్.ఎం. ముగించి మండలిలో పేరు నమోదైన ఆమె జి.ఎన్.ఎం.కు పోదలచినచో ఆ 40 పట్టింపు ఆమెకు లేదు. ఉత్తీర్ణత మార్కులు చాలును. జి.ఎన్.ఎం. ముగించి నమోదైన నర్సునకు పోస్టు బేసిక్ బి.ఎస్‌సి. అని రెండేండ్ల చదువు ఉన్నది. రెండు, మూడు, రెండు – మొత్తము ఏడేండ్లు. తిన్నగా పోయిన పిల్ల నాలుగేండ్లలో చేరు చోటికి ఈమె ఏడేండ్లలో చేరును. కాని నడుమ నడుమ ఆగి సంపాదించుకొనుచు పోవచ్చును. ఇంట తండ్రికి కాలో చెయ్యో పడిపోయి పెద్దపిల్ల జీతమే ఆధారమైన ఇండ్లకు ఆ మూడేండ్ల ఆలస్యము నష్టము కాదు, అనుకూలము.

ఒక చదువులో చేరి, ఏడాది గడిచిన తరువాత నర్సింగునకు మారదలచు పిల్లల చిక్కు వేఱు విధముగా నుండును. పరిగిలోనో, వికారాబాదులోనో, తాండూరులోనో డిగ్రీలో చేరినది. లెక్కలు అబ్బలేదు, మొదటి అర్ధసంవత్సరపు పరీక్షలో రెండు సబ్జెక్టులు పోయినవి. అప్పుడు నర్సింగు తలంపు వచ్చినది. ఆ ఇంటివారు మొట్టమొదట అడుగునది, "ఈ సంవత్సరము చదివినది అందులో కలిసివచ్చునా?" అని. కలిసిరాదు. బి.ఎస్‌సి.లో జీవశాస్త్రములే చదివినను నర్సింగున మొదటి సంవత్సరముననే చేరవలెను. మఱి డిగ్రీలో పోయిన సబ్జెక్టుల మాట? నర్సింగు చదువునకు చూచునది ఇంటర్మీడియెట్ మార్కులును ప్రవేశపరీక్షయును. కావున అచట తప్పిన పిల్ల ఇచటికి రాకూడదను నియమము లేదు. ఒక ఏడు పోయినదని ఏడ్చుటకంటె, అబ్బని చదువులో ఇంకను రెండేండ్లు పోగొట్టుకొనకుండుట మేలు. వయస్సు ఆటంకము కాదు; 17 నిండియుండవలెను, 35 వఱకు గడువున్నది.

మారునపుడు విడిచివచ్చు కళాశాలనుండి బదిలీపత్రమును, మూల మెమోలను తీసికొనవలెను. ఇచటనే కొందఱు చిక్కుబడుదురు: "మిగిలిన యేండ్ల రుసుము కట్టినగాని పత్రములియ్యము" అనెడి మాట వినబడును. 2018లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము, యూజీసీ అని అందఱెఱిగినది, విద్యార్థుల మూలపత్రములను కళాశాలలు తమయొద్ద నిలిపియుంచుకొనరాదని ప్రకటించినది. ఆ ప్రకటనలోనే రుసుము తిరిగి ఇచ్చు లెక్కయు ఉన్నది. చేరికలకు ప్రకటించిన కడపటి తేదీకి పదునైదు దినములకు ముందే విడిచినవారికి దాదాపు పూర్తిగా తిరిగి వచ్చును, ఆపై దినములు గడచినకొలదియు తగ్గును, ఆ తేదీ దాటి 30 దినములైన పిమ్మట ఏమియు రాదు. ఆడపిల్ల ఒంటరిగా పోయి అడిగినపుడు వినని గుమాస్తా, తండ్రియో మేనమామయో ఆ ప్రకటన ప్రతిని చేతబట్టుకొని పోయి నిలుచున్నపుడు వినును. ఇది న్యాయము కాదు గాని, లోకము ఇట్లున్నది.

ఒక నర్సింగు విద్యాలయమునుండి వేఱొక నర్సింగు విద్యాలయమునకు మారదలచుట దీనికంటె కష్టము. పరీక్షలు నడుపు విశ్వవిద్యాలయముయొక్కయో మండలియొక్కయో అనుమతి వ్రాతపూర్వకముగా రానిదే, రెండవ విద్యాలయమువారు "మేము చేర్చుకొందుము" అన్న మాటకు విలువ లేదు. మొదటిచోట విడిచిపెట్టి, రెండవచోట లెక్కలోనికి రాక, రెంటికి చెడుట కలదు. వసతిగృహపు తిండి బాగులేదనియో, తోడిపిల్లలతో పొసగలేదనియో మారదలచు పిల్లను తల్లి ఓదార్చి అచటనే నిలుపుట మంచిది. పిల్లకు హాని యున్నదన్న మాట వినబడినపుడు మాత్రము మార్కులను, సంవత్సరమును చూడక వెంటనే ఇంటికి తెచ్చుకొనవలెను.

"మార్కులతో పనిలేదు" అనువారిని గూర్చి ఇపుడు చెప్పవలెను. మా ప్రాంతము కర్ణాటకపు సరిహద్దున నున్నది. తాండూరు దాటి రైలు కొంతదూరము పోయినంతనే ఆ రాష్ట్రమే. ఫలితములు వెలువడిన వారమునకు ఊరూర మధ్యవర్తులు దిగుదురు. "పాసైతే చాలు, సీటు మేమిప్పిస్తం, ఏడాదికోసారి పరీక్షకు పోతే చాలు" అని పలుకుదురు. మా పొరుగుగ్రామపు పిల్ల ఒకతె ఇట్లే పొరుగు రాష్ట్రపు ఒక పట్టణమునకు పోయినది. రెండెకరముల కంది పంట డబ్బు మొదటి యేటికే సరిపోయినది. ఆసుపత్రి మొగము చూపకయే రెండేండ్లు గడిపినారు. అటుపిమ్మట తెలిసినదేమనగా, ఆ చోటు నర్సింగు మండలి పట్టికలో లేదు. అట్టిచోట ఇచ్చిన కాగితముతో రాష్ట్ర నర్సింగు మండలిలో పేరు నమోదు కాదు. పేరు నమోదు కానిదే నర్సుగా పనిచేయు హక్కు లేదు. ఆ పిల్ల ఇపుడు ఒక మందుల కొట్టులో లెక్కలు వ్రాయుచున్నది. ఆమెకు రోగులయందు అనురాగము లేకపోలేదు, చురుకుదనమును ఉన్నది.

కావున డబ్బు ముట్టజెప్పుటకు ముందు మూడు ప్రశ్నలడుగవలెను. ఈ విద్యాలయము రాష్ట్ర నర్సింగు మండలి, భారత నర్సింగు మండలి పట్టికలలో ఈ సంవత్సరమునకు ఉన్నదా? ఈ చదువునకు ఎన్ని స్థలములకు అనుమతి కలదు? పిల్లలు అభ్యాసము చేయు ఆసుపత్రి ఏది, దానిలో ఎన్ని మంచములున్నవి? మూడవ ప్రశ్నకు తడబడిన వానివద్ద మొదటి రెండు ప్రశ్నలకు వచ్చిన జవాబులనుకూడ నమ్మవలదు. పట్టికలు మండలుల వెబ్‌సైట్లలో ఉన్నవి. ఇంట చేతిఫోను ఉన్న పిల్లయే చూచి చెప్పగలదు.

ఇంతవఱకు గడపదాటు మాట. లోపలికి పోయిన తరువాత ఏమగునో ఎవరును చెప్పరు. నర్సింగు పరీక్షలలో ఉత్తీర్ణతకు 35 చాలదు. సిద్ధాంతమున 50, అభ్యాసమున 50, వేర్వేఱుగా రావలెను. హాజరు నూటికి 80 ఉండవలెను. ఆసుపత్రి అభ్యాసమున తప్పిన దినములను పూర్తిగా తీర్చినగాని పట్టము చేతికి రాదు. ఇంటర్మీడియెట్‌లో 38 వచ్చిన పిల్ల ఇచట 50 తేవలెననగా, ప్రవేశము దొరకినందున ఆమె కష్టము తీరలేదు, మొదలైనదన్నమాట. చేరిన పిల్లలు మొదటి సంవత్సరముననే పెట్టె సర్దుకొని తిరిగి వచ్చుటను మేము చూచితిమి. వారిలో పలువురు తెలివితక్కువ పిల్లలు కారు. తెలుగు బడిలో చదివి, ఒక్కుమ్మడిగా ఇంగ్లీషులో శరీరశాస్త్రము వినవలసి వచ్చి, మాట తెలియక, తెలియదని చెప్పుటకు సిగ్గుపడి, వెనుకబడినవారు.

ఫలితములు వచ్చిన నాటినుండి చదువు మొదలగువఱకు మూడు నాలుగు నెలలు వ్యవధి దొరకును. ఆ నెలలలో ఇంటనే చేయదగిన పని చాల కలదు. మేము కొందఱు పిల్లలతో చేసిన విధము చెప్పెదము. వైద్యపు ఇంగ్లీషు మాటలు కొండంత కనబడును గాని వానికి సంస్కృతమునకువలె ఉపసర్గలును ప్రత్యయములును ఉన్నవి. హైపర్ అనిన అతి, హైపో అనిన అల్పము. ఈ రెండును గ్రీకునుండి వచ్చినవి. మన ఉపరి, ఉప అను మాటలకు దాయాదులు. చివర ఐటిస్ వచ్చినచో ఆ అవయవమునకు వాపు. గాస్ట్రో కడుపు, హెపటో కాలేయము, నెఫ్రో మూత్రపిండము. దినమునకు ఐదు చొప్పున గోడమీద బొగ్గుతో వ్రాయించినచో మూడు నెలలకు నాలుగువందలు దాటును. మాట విడదీయుట తెలిసిన పిల్ల, తెలియని మాటనుగూడ సగము ఊహించును.

లెక్కలు రెండవవి. నర్సునకు పెద్ద గణితము అక్కఱలేదు. అక్కఱైన చిన్న గణితమున తప్పుపోరాదు. 500 మిల్లీగ్రాముల మాత్ర ఉన్నది, డాక్టరు 250 ఇమ్మన్నాడు, సగము. ఇది అందఱును చెప్పుదురు. 500 మిల్లీలీటర్ల సెలైను 4 గంటలలో ఎక్కవలెను, గొట్టము మిల్లీలీటరునకు 20 చుక్కలు వదలునది; నిమిషమునకు ఎన్ని చుక్కలు? మొత్తము 10,000 చుక్కలు, 240 నిమిషములు; సుమారు 42. ఈ లెక్కను మేము మొదట అడిగినపుడు వచ్చిన పిల్లలు వ్రేళ్ళు ముడిచి కూర్చుండిరి. పాలవాని లెక్కవలె చెప్పగా వారమునకు నోటితోనే చేయసాగిరి. ఇంటిలో నూనె, పప్పు కొలతలు తప్పక చూచు తల్లి, తాను చదువరి కాకున్నను, ఈ లెక్కను పిల్లచేత చేయింపగలదు.

దీనికంతకును పిల్లకు దినమునకు రెండు గంటలు కావలెను. తక్కువ మార్కుల మెమోలు పట్టుకొని వచ్చు తల్లులను మేము మొట్టమొదట అడుగునది, "పిల్ల పొద్దున ఎన్నింటికి లేచి ఏమేమి చేయును?" అని. నీళ్ళు, కల్లాపి, తమ్ముని బడిపెట్టె, పొలమునకు సద్ది, కంది కోతల నాడు కూలికి తోడు. ఆ పిల్ల మెమోలోని ముప్పదియెనిమిది మార్కులలో ఇవన్నియు కూడ ఉన్నవి. అన్నయ్య మెమోలో ఇవి లేవు. ఆ మూడు నెలలు సాయంకాలపు పనిని ఇంటిలో వేఱొకరు పంచుకొన్నచో, పిల్ల తెలివి ఎంతటిదో అప్పుడు తెలియును.

"రాత్రి డ్యూటీలాయె, రేపు ఎవరు చేసుకుంటరమ్మా?" అని అత్తవరుసవారు వంటింటిలో అడుగుదురు. దీనికి మేము వాదము చేయము. కోడలు ప్రసవించినపుడు నడిరాత్రి తాండూరు ఆసుపత్రిలో ఎవరు దగ్గఱనుండిరో ఆమెనే చెప్పుమందుము.

ప్రకటన వెలువడిన తరువాత దరఖాస్తునకు గడువు కొలదిదినములే. జి.ఎన్.ఎం. ప్రకటన రాష్ట్ర వైద్యవిద్యా సంచాలకుల కార్యాలయమునుండి, బి.ఎస్‌సి. ప్రకటన వరంగల్లులోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయమునుండి వచ్చును. కుల, ఆదాయ ధ్రువపత్రములకు మీసేవలో ఇప్పుడే దరఖాస్తు పెట్టియుంచవలెను. ఆరవ తరగతినుండి చదివిన బడుల ధ్రువపత్రములు ఒక్కచోట చేర్చుకొనవలెను; సరిహద్దున ఉండి కొన్ని యేండ్లు కర్ణాటకపు బడిలో చదివిన పిల్లలు వీనిని మఱింత జాగ్రత్తగా చూచికొనవలెను. పదవతరగతి మెమోలో తండ్రి పేరు ఒక విధముగను ఆధారు కార్డులో వేఱొక విధముగను ఉండుట మా వైపు పరిపాటి. దానిని దిద్దించుటకు నెలలు పట్టును గావున, ఈ సంచిక చేతనున్నపుడే లేచి పెట్టె తీసి ఆ రెండు కాగితములను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు.